జర్మనీ ద్రాక్షసారా, జగిత్యాల గుడాలు

మస్కట్ వెళ్ళి వచ్చానని తెలియగానే మా స్టాఫ్ రూములో అందరూ ముందు నా మెడ చూశారు, తర్వాత చేతులు చూశారు. బంగారం లేదని రూఢి చేసుకున్నాక, "మరి ఏం తెచ్చుకున్నావు సుభద్రా?" అన్నారు. రెండు కిలోల ఖర్జూరాలు, ఒక సాంబ్రాణి పొట్లం, బోలెడు కబుర్లు అన్నాను. ఖర్జూరాలు ఆ పూటే అయిపోయాయి. కబుర్లు వారం రోజులు వచ్చాయి. ఒక్కటి మాత్రం అక్కడ చెప్పలేదు, ఇక్కడ రాస్తున్నాను.

ఇరవై ఏళ్ళుగా ఆడపిల్లలకు వంట, పోషకాహారం పాఠాలు చెప్పి జీతం తీసుకుంటున్నదాన్ని నేను. వంట విషయంలో నాకు ఒకరు చెప్పేదేమిటనే పొగరు కూడా కొంచెం ఉంది, కాదనను. ఆ పొగరు దించింది తారు రోడ్డు వేసే ఒక కూలీ. అతని పాఠం తలకెక్కడానికి నలభై అయిదో ఏట నేను మొట్టమొదటిసారి మద్యం రుచి చూడవలసి వచ్చింది.

సీబ్

డెబ్భై ఏడు క్రిస్మస్ సెలవుల్లో వెళ్ళాను. నా చెల్లెలు సరళ, మా మరిది ప్రసాదరావు అప్పటికి రెండేళ్ళుగా అక్కడ ఉంటున్నారు. అతను రోడ్లు వేసే ఒక జర్మన్ కంపెనీలో ఇంజనీరు.

మస్కట్ దగ్గరి సీబ్ విమానాశ్రయంలో కస్టమ్స్ ఆయన నా ట్రంకు పెట్టె తెరిచి గోంగూర పచ్చడి డబ్బా బయటకు తీశాడు. తెల్లటి పొడుగు చొక్కా, తలకు రంగుల తలపాగా, చాలా మర్యాదస్తుడు. ఇదేమిటన్నాడు. ఆకు అన్నాను. ఆకు ఎర్రగా ఎందుకుందన్నాడు. మూత తీసి చూసుకోమన్నాను. తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు, అంతే, కళ్ళమ్మట నీళ్ళు. కోప్పడతాడనుకుంటే పక్క బల్ల దగ్గరున్న స్నేహితుణ్ణి పిలిచి అతని చేత కూడా వాసన చూపించాడు. ఇద్దరూ కళ్ళు తుడుచుకుంటూ నవ్వి నన్ను పంపించేశారు. మూత సరిగ్గా పెట్టలేదని ఇంటికెళ్ళాక తెలిసింది. నా రెండు నేత చీరలకు ఇప్పటికీ ఆ నూనె మరక పోలేదు.

వాడి కబీర్

చెల్లెలి ఇల్లు వాడి కబీర్‌లో. కింద మోటారు రిపేరు షెడ్డు, పైన వీళ్ళ వాటా. కిటికీ తెరిస్తే ఎదురుగా కొండ. కొండ అంటే మనకు చెట్లూ పొదలూ ఉండాలి కదా, అక్కడ గడ్డిపోచ ఉండదు. కాలిన ఇటుక రంగులో ఊరికే నిలబడి ఉంటుంది. మొదటి రోజు చూడలేకపోయాను. నాలుగో రోజుకు సాయంత్రం ఎండలో అది రంగులు మారుతుంటే టీ చల్లారబెట్టుకుని చూస్తూ కూర్చున్నాను.

నీళ్ళు లారీలో వస్తాయి. కొబ్బరికాయ ధర రూపాయల్లోకి మార్చుకుంటే గుండె గుభేలుమంటుంది. "అక్కా, మార్చుకోకు. మార్చుకుంటే ఇక్కడ ఏమీ తినలేవు" అని సరళ మొదటి రోజే హెచ్చరించింది. నేను చివరి రోజు దాకా మార్చుకుంటూనే ఉన్నాను.

మత్రా చేపల రేవు

మా కాకినాడలో చేపలమ్మేది ఆడవాళ్ళు. మత్రాలో అందరూ మగవాళ్ళే. బేరం అసలు రుచించదు వాళ్ళకి. నేను వంజరం చేప ముందు కూర్చుని అలవాటు కొద్దీ సగానికి అడిగాను. ముసలాయన నన్ను జాలిగా చూసి, ధర తగ్గించకుండా ఒక చిన్న చేపను ఊరికే పక్కన పెట్టాడు. కిలో అర రియాలు, అంటే మన పన్నెండు రూపాయల పైమాట. తాజాదనం చూస్తే తక్కువే అనిపించింది.

ఆ చేపను అంతలా ఎంచి కొనడానికి కారణం ఉంది. మర్నాడు మేం లోపలి కొండల్లో, ఇజ్కీ దగ్గర ఉన్న కంపెనీ క్యాంపుకు వెళ్ళాలి. మరిదిగారికి అక్కడ వారం రోజుల పని. చేపను ఐసు పెట్టెలో సర్దుతూ అతను మొహమాటంగా అన్నాడు. "వదినగారూ, క్యాంపులో ఒకతనికి మీ సాయం కావాలండి. వంట విషయంలో."

వంట అనగానే నాకు నాలుగు చేతులు వచ్చేశాయి.

ఇజ్కీ దగ్గర క్యాంపు

కొండల మధ్య కంకర నేల, దాని మీద వరసగా రేకు గదులు. ఆ చివర పొయ్యి మీద తారు ఉడుకుతూ వాసన. కంపెనీ పెద్దాయన జర్మన్, అరవై దగ్గర పడిన మనిషి. అరబ్బీలో మేనేజరును ముదీర్ అంటారు. అక్కడి కూలీలందరూ ఆయన్ని ముదీర్ సాబ్ అనే పిలుస్తారు, మేమూ అలాగే పిలిచాం.

నా సాయం కావలసినవాడి పేరు రాజయ్య. జగిత్యాల పక్క పల్లెటూరు, ముప్ఫై అయిదేళ్ళుంటాయి. రెండేళ్ళు తారు పోసే గ్యాంగులో చేశాడు. ఆ పొగకు రొమ్ము పట్టేసింది. మాట మాటకీ దగ్గు. కంపెనీ డాక్టరు ఇంక తారు పని వద్దని రాసేశాడు. తారు పని తప్ప అక్కడ కూలీకి వేరే పని లేదు, అంటే ఇంటికి టిక్కెట్టే. సరిగ్గా అప్పుడే ముదీర్ గారి మెస్సులో వంట చేసే గోవా ఆయన సెలవు మీద వెళ్ళి, తిరిగి రానని ఉత్తరం రాశాడు. రూములో పదిమందికీ రాజయ్యే వండుతాడని మరిదిగారు చెప్పి, తాత్కాలికంగా అతన్ని వంటింట్లో పెట్టించాడు. శుక్రవారం మధ్యాహ్నం జర్మనీ నుంచి ఇద్దరు అతిథులు వస్తున్నారు. ఆ భోజనం బాగుంటే రాజయ్యకు వంటింటి ఉద్యోగం ఖాయం. లేకపోతే బొంబాయి నుంచి వేరే మనిషి వస్తాడు, రాజయ్య వెళ్ళిపోతాడు.

"నమస్తేనమ్మా," అన్నాడు రాజయ్య తువ్వాలు చేతుల్లో నలుపుకుంటూ. "అన్నీ చేస్త. గని దొర తినేటప్పుడు గా తెల్ల సీస తాగుతడు. గందుకే నాకు బుగులు."

ఆ తెల్ల సీసా సంగతి మరిదిగారు వివరించాడు. ముదీర్ గారిది ఏటి ఒడ్డున రాతి కొండల వాలులో ద్రాక్ష పండించే కుటుంబం. తియ్యదనం బొత్తిగా లేని తెల్ల వైన్ వాళ్ళది. పర్మిట్ మీద కొన్ని సీసాలు తెచ్చుకుంటాడు. తడిగోనె చుట్టి చల్లబరిచి, వారానికి రెండు సార్లు భోజనంతో పాటు ఒకటి రెండు గ్లాసులు, అంతే. ఆయన ఆ సీసా తీసే వేళకు సయీద్ అనే ఒమానీ డ్రైవరు మాటా పలుకూ లేకుండా బయటకు నడిచి తన లారీ నీడలో టీ కాచుకుంటాడు. ఒకరినొకరు ఏమీ అనుకోరు.

వైన్ అయితే ఏమిటి, మంచి నీళ్ళయితే ఏమిటి, కూర బాగుంటే అన్నీ బాగుంటాయన్నాను నేను. ముందుగా మంగళవారం సాయంత్రం ముదీర్ గారికి ఒక్కరికీ వండి చూపిద్దామన్నాను. రాజయ్య ఏదో చెప్పబోయాడు. నేను వినలేదు. గోదావరి జిల్లాల పెళ్ళి విందు ఎలా ఉంటుందో అలా పురమాయించాను. చింతపండు చిక్కగా పిసికిన వంజరం పులుసు, నా డబ్బాలోని గోంగూరతో రొయ్యలు, మిరియాల చారు, పచ్చిమిరపకాయ బజ్జీలు. ఇంటికి వచ్చిన పెద్దమనిషికి కారం, పులుపు తగ్గించి పెడితే మనం లోటు చేసినట్టు కదా! ఇంకో గుప్పెడు కారం నేనే వేయించాను.

ముదీర్ గారు పులుసు తిన్నాడు. బాగుందన్నాడు. గ్లాసు తీసి ఒక గుక్క తాగాడు. నెమ్మదిగా గ్లాసు దించి, చేతికందనంత దూరంగా జరిపాడు. భోజనం అయ్యేదాకా దాన్ని మళ్ళీ ముట్టలేదు. వెళ్ళేటప్పుడు మరిదిగారితో అన్నాడు, మనిషి మంచివాడే గానీ బొంబాయి నుంచి రప్పించడమే మేలేమో అని.

తలుపు అవతల రాజయ్యకు ఇంగ్లీషు తెలియకపోయినా బొంబాయి అన్న మాట చెవిన పడింది. నా వైపు చూడలేదు, గిన్నెలు తోముకోవడం మొదలుపెట్టాడు. నాకు తల కొట్టేసినట్టయింది. వండినవి అతని వంటలు కావు, నావి. పోయేది మాత్రం అతని ఉద్యోగం.

ఊరుకోలేక గబగబా బయటకు వెళ్ళి ముదీర్ గారిని ఆపి ఇంగ్లీషులో అడిగేశాను, తప్పెక్కడుందో చెప్పమని. ఆయన ఒక క్షణం ఆలోచించి వెనక్కి వచ్చి, చిన్న గ్లాసులో రెండు వేళ్ళ ఎత్తు వైన్ పోసి బల్ల మీద పెట్టాడు. "మీరే చూడండి. ముందు ఇది, తర్వాత పులుసు, మళ్ళీ ఇది," అన్నాడు.

సరళ "అక్కా!" అని నా చీర కొంగు పట్టుకుంది. రుచి చూడకుండా వంట గురించి మాట్లాడకూడదని నేను ఇరవై ఏళ్ళుగా పిల్లలకు చెబుతున్నాను. కొంగు విడిపించుకుని తాగాను.

మొదటి గుక్క పచ్చి మామిడికాయ కడిగిన చల్లని నీళ్ళలా ఉంది. పుల్లగా, తేటగా, వెనకాల ఎక్కడో వానకు తడిసిన రాతి వాసన. ఇదేదో పరవాలేదే అనిపించింది. తర్వాత పులుసు తిన్నాను. మళ్ళీ వైన్ తాగాను. నోట్లో ఇనుప మేకు పెట్టుకున్నట్టుంది! నాలుక మీద కారం రెట్టింపు మండింది. ఆ తేటదనమంతా ఏమైందో తెలియలేదు.

ముదీర్ గారు నవ్వలేదు. "నేను మీ వంటను తప్పు పట్టడం లేదు," అన్నాడు. అది నిజమేనని నాకూ తెలుసు, అందుకే ఎక్కువ సిగ్గేసింది.

వంటింట్లో

బుధవారం పొద్దున్నే వంటింట్లోకి వెళ్ళి రాజయ్యకు క్షమాపణ చెప్పి, ఆ రుచి ఎలా ఉందో ఉన్నదున్నట్టు వివరించాను. అతను పొయ్యి ఊదడం ఆపి తలెత్తాడు.

"గంతేనా అమ్మా? గట్లయితే పులిసిన కల్లు లెక్కనేనాయె."

"కల్లా?"

"మా అవ్వ కల్లు కాంపౌండు ముంగట గంపల తినేటియి పెట్టుకొని అమ్మేది. నేను గక్కడనే పెరిగిన." ఇది చెప్పడానికి అతను తల దించుకున్నాడు. "పొద్దుగాల దించిన కల్లు తియ్యగుంటది. దానికి కారం ఎంతేసినా మంచిగనే ఉంటది. మాపటికి పులుస్తది. పులిసిన దానికి పులుసు పెడ్తే ఎవలు కొంటరమ్మా? ఉప్పు వెట్టి ఏంపిన చేప, కార్జం, గుడాలు, గివే అమ్ముడువోతయి. ఉప్పుండాలె, నూనె ఉండాలె. పులుపు సీసలనే ఉండె గద."

పాఠ్యపుస్తకాల్లో ఎక్కడా లేని సంగతి. "ఇది నిన్న ఎందుకు చెప్పలేదయ్యా?" అన్నాను.

"మీరు సదువుకున్నోళ్ళు. కల్లు దుకాణం ముచ్చట మీ ముంగట ఎట్ల జెప్పాలె?"

అయితే ఆ వైన్ ఒకసారి నువ్వే రుచి చూసి సరిచూసుకో అన్నాను. అతను రెండడుగులు వెనక్కి వేశాడు. అప్పుడు తెలిసింది అసలు సంగతి. మూడేళ్ళ కింద కూతురికి జ్వరం ముదిరిన రోజు అతను కల్లు దుకాణంలో ఒళ్ళు తెలియకుండా పడి ఉన్నాడు. భార్య లచ్చవ్వ ఒక్కతే పిల్లను ఎత్తుకుని ఆస్పత్రికి నడిచింది. పిల్ల బతికింది. ఆ రోజు బిడ్డ నెత్తిన చెయ్యి పెట్టి, ఇంక ఏ మత్తూ నాలుకకు తాకనివ్వనని ఒట్టు వేశాడు. లచ్చవ్వ మాత్రం నమ్మలేదు. దేశం కాని దేశంలో ఎవడు చూస్తాడు, తాగే ఉంటావని ఇప్పటికీ అంటుందట. ముదీర్ గారి సీసా అందించవలసి వచ్చినా అతను తువ్వాలు చుట్టి పట్టుకుంటాడు, వట్టి చేత్తో ముట్టడు.

కాబట్టి నాలుక నాది, చెయ్యి అతనిది. ముదీర్ గారు మిగిలిన సగం సీసా మాకు వదిలేశాడు. వంటింట్లో పీట వేసుకుని, స్టీలు గ్లాసులో వైన్ పోసుకుని, అతను వేయించి ఇచ్చిన ప్రతిదీ ఒక ముక్క తిని ఒక చుక్క తాగి చెప్పాను. నిమ్మరసం పిండితే వైన్ నీళ్ళయిపోయింది. గోంగూరకు చేదెక్కింది. ఎండుమిరపకాయ వేస్తే మంట. ఉప్పూ మిరియాలూ పట్టించి, బియ్యప్పిండి అద్ది దోరగా వేయించిన వంజరం తిన్నాక తాగితే, తీపి లేని ఆ వైన్ తియ్యగా అనిపించింది. గుడాలంటే ఉడకబెట్టిన శనగలు, ఉల్లిపాయ వేసి తాలింపు పెట్టినవి. వాటితో ఇంకా బాగుంది.

"ఎట్లున్నదమ్మా?" అని ప్రతిసారీ అడిగేవాడు రాజయ్య. నేను చెబుతుంటే కళ్ళు మూసుకుని వినేవాడు.

సరళ గుమ్మంలో నిలబడి, "నాన్నగారు చూస్తే ఏమనేవారో" అంది. నాన్నగారు పోయి పదేళ్ళయింది, చూడరు అన్నాను. అప్పటికి కొంచెం తల తేలికగా ఉంది, లేకపోతే అలా అనేదాన్ని కాదు.

నిజ్వా సంత

గురువారం మేక కార్జం (కాలేయం), నెయ్యి కొనడానికి సయీద్ లారీలో నిజ్వా తీసుకెళ్ళాడు. ఖర్జూరపు తోటల మధ్య గుండ్రటి పెద్ద కోట, దాని కింద సంత. మేకల వేలం జరుగుతోంది. మన దగ్గర కొనేవాడు పశువు చుట్టూ తిరుగుతాడు. అక్కడ కొనేవాళ్ళు గుండ్రంగా కూర్చుంటే, అమ్మేవాడు మేకను పట్టుకుని వాళ్ళ చుట్టూ తిరుగుతాడు. నాకు ఆ పద్ధతే నచ్చింది.

ఖర్జూరాల కొట్టు పెద్దాయన కూర్చోబెట్టి కాఫీ ఇచ్చాడు. పాలు, చక్కెర ఉండవు, ఏలకుల వాసన, కప్పు బొటనవేలంత. ఖాళీ చేయగానే మళ్ళీ పోశాడు. ఇచ్చింది వదిలేస్తే తప్పని తాగాను. మళ్ళీ పోశాడు. ఏడో కప్పుకు నా గుండె దడదడలాడుతుంటే సయీద్ నవ్వు ఆపుకుంటూ చూపించాడు, చాలనుకుంటే కప్పును కొంచెం అటూ ఇటూ ఊపాలట. మన విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టినా వడ్డించేస్తారు, వీళ్ళు కప్పు ఊపితే చాలు ఆపేస్తారు. ఎవరి మర్యాద వాళ్ళది. ఆ రోజంతా నాకు కూర్చుంటే నిలబడాలనీ, నిలబడితే నడవాలనీ అనిపించింది.

శుక్రవారం భోజనం

అతిథులు భార్యాభర్తలు, ముదీర్ గారి పాత మిత్రులు. రాజయ్య వంజరం వేపుడు, మిరియాల కార్జం, గుడాలు, అప్పడాలు పంపాడు. నా వంతుగా నెయ్యి వేసిన ముద్దపప్పు ఒకటి చేర్చాను. పులుపు ఎక్కడా లేదు. అన్నంలో కలుపుకునే మా ముగ్గురికీ చప్పిడిగానే ఉంది, ఆ మాట నిజం చెప్పాలి. ముదీర్ గారు చేప ముక్క తిని గ్లాసు ఎత్తాడు. ఆయన తాగి, గ్లాసు దించకుండా మళ్ళీ తాగాడు. ఆవిడ అయితే అప్పడం, వైన్, అప్పడం, వైన్, వేరే దేని జోలికీ పోలేదు. గుడాలు రెండోసారి అడిగారు.

చివరికి ముదీర్ గారు వంటవాణ్ణి పిలవమన్నాడు. రాజయ్య తువ్వాలుతో ముఖం తుడుచుకుంటూ వచ్చి నిలబడ్డాడు. ముదీర్ గారు లేచి, ఒక కొత్త గ్లాసు నిండా వైన్ పోసి, రెండు చేతులతో అతని ముందుకు చాపాడు. వాళ్ళ ఊళ్ళో మంచి భోజనం పెట్టినవాడు అందరితో కలిసి ఒక గ్లాసు తాగాలట. అతిథులు కూడా లేచి గ్లాసులు ఎత్తి పట్టుకున్నారు.

రాజయ్య చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. కాదంటే దొరకు కోపం, అవునంటే బిడ్డ మీద ఒట్టు. మరిదిగారు తెలుగులో మెల్లగా, "తీసుకుని ఊరికే పెదవికి తాకించి పెట్టెయ్యవయ్యా, ఎవరికి తెలుస్తుంది" అన్నాడు.

"నాకెరుకైతది గద సార్," అన్నాడు రాజయ్య.

తువ్వాలు చేతికి చుట్టుకుని గ్లాసు అందుకున్నాడు. కళ్ళకద్దుకున్నాడు. తిన్నగా నా దగ్గరికి వచ్చి, "నా తరపున మీరు తాగున్రి అమ్మా" అని నా చేతిలో పెట్టాడు.

చెల్లెలు, మరిది, ముక్కూ మొహం తెలియని ఇద్దరు జర్మన్లు, అందరూ నన్నే చూస్తున్నారు. వంటింట్లో చుక్క చుక్క రుచి చూడటం వేరు, ఇలా పదుగురిలో నిండు గ్లాసు ఎత్తడం వేరు. లేచి నిలబడ్డాను. సంగతంతా ఇంగ్లీషులో రెండు ముక్కల్లో చెప్పి, ఆ గ్లాసు ఆపకుండా తాగేశాను. చెవులు వేడెక్కాయి. ముదీర్ గారు తన గ్లాసు తాగకుండా బల్ల మీద పెట్టి, రాజయ్య దగ్గరికి నడిచి చెయ్యి కలిపాడు. శనివారం నుంచి వంటిల్లు నీదే అన్నాడు. మరిదిగారు ఆ మాట తెలుగులో చెప్పేసరికి రాజయ్య దగ్గుతూ, ఏడుస్తూ, నవ్వుతూ లోపలికి పరుగెత్తాడు. నాకూ ఏడుపొచ్చింది.

తిరుగు ప్రయాణం

శనివారం పొద్దున బయల్దేరుతుంటే రాజయ్య ఒక తెల్ల కాగితం పట్టుకొచ్చాడు. అక్కడి నుంచి పోస్టు వేస్తే నెలలు పడతాయని, వచ్చేవాళ్ళ చేతికిస్తే బొంబాయిలో వేస్తారని అందరికీ అలవాటు. అతనికి రాయడం రాదు. అతను చెప్పాడు, నేను లారీ బానెట్ మీద కాగితం పెట్టి రాశాను. వంటింట్ల డ్యూటీ దొరికింది, దగ్గు తగ్గుతోంది, బిడ్డను బడికి తోలు. చివర ఆగి, "నేను ముట్టలే అని రాయున్రి" అన్నాడు. రాశాను. "గట్ల రాస్తే నమ్మదమ్మా. మీరు సాక్షి సంతకం పెట్టాలె. మీ నౌకరి గూడ రాయాలె. బడి పంతులు వాడకట్టంత కూసుండవెట్టి సదువుతడు. లెక్చరరమ్మ చెప్పిందంటే నమ్ముతది."

కలం పట్టుకుని ఆగిపోయాను. అబద్ధం లేకుండా రాయాలంటే నా సంగతి కూడా రాయాలి. వాళ్ళ వీధంతా వింటుంది, అక్కణ్ణుంచి ఎక్కడెక్కడికి పోతుందో తెలియదు. మా కాలేజీలో నా పేరు ఎలా ఉండాలో కూడా ఒక్క నిమిషం ఆలోచించాను. రాజయ్య ఎండలో నిలబడి నా చేతివంకే చూస్తున్నాడు.

"అమ్మా లచ్చవ్వా, నీ పెనిమిటి ఇక్కడ ఒక్క చుక్క ముట్టలేదు. నేను కళ్ళారా చూశాను. అతనికి ఇచ్చిన గ్లాసు అతని బదులు నేను తాగాను" అని రాశాను. కింద నా పూర్తి పేరు, దాని కింద నా ఉద్యోగం, కాలేజీ పేరు, ఊరి పేరు స్పష్టంగా రాసి సంతకం పెట్టాను.